నాకో మంచం

ఆ పూట మూడోసారి దుప్పటి మార్చాను. మా ఆయన్ని ఒక పక్కకు ఒత్తిగిలించి, తడిసిన దుప్పటిని వీపు కింద నుంచి చుట్టుకుంటూ లాగి, వెనకే ఉతికినది పరచడం పన్నెండు రోజుల్లో చేతికి పట్టుబడింది. "భలే చేస్తున్నావమ్మా" అని మెచ్చుకుని నర్సు తన పనికి తాను వెళ్లిపోయింది.

హెచ్ఐవి తనకెక్కడ అంటిందో ఆయన ఏనాడూ చెప్పలేదు. నాకెక్కడ అంటిందో ఎవరూ అడగక్కర్లేదు. నా మాత్ర నేను మింగి, ఆయన మాత్ర కోసం రోజూ బతిమాలేదాన్ని. బాగానే ఉన్నాను కదా అంటూ నాలుగు నెలలు మానేశాడు. విరేచనాలు పట్టుకున్నాయి. మనిషి పుల్లలా అయిపోయాక ఈ ఆసుపత్రిలో చేర్చాం. అత్తయ్య మాత్రం కోడలి వంట పడలేదని బంధువులందరికీ చెప్పింది. రోగం కొడుకుది, నింద నా గరిటెది. రోజూ వచ్చి, గుమ్మం దాటకుండా, నీళ్లు పట్టావా, శుభ్రంగా తుడిచావా అని అడిగి వెళ్లేది.

వారం నుంచి నాకూ విరేచనాలే. ఎవరికీ చెప్పలేదు. చెప్పే తీరికేదీ? ఆయన్ని కడిగి, నేను పరుగెత్తి, తిరిగొచ్చేసరికి మళ్లీ పిలుపు. మొన్న కాస్త ఆలస్యమైతే, ఎక్కడ చచ్చావన్నాడు. పిక్కలు పట్టేసి మరుగుదొడ్డి గోడ పట్టుకుని నిలబడ్డానని చెప్పలేదు.

ఆ ఉదయం డాక్టరమ్మ వచ్చింది. పరీక్షలో కారణం దొరికిందనీ, మందు మొదలుపెడుతున్నామనీ, ఆయన కోలుకుంటాడనీ చెప్పింది. ఆ మాట విన్నాకే నోరు పెగిలింది.

"నాకూ విరేచనాలే, డాక్టరమ్మా. ఎనిమిది రోజులుగా."

ఆమె నా చేతి చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. అది ముడతగానే ఉండిపోయింది. ఒంట్లో నీరింకిపోయింది, ఆడవార్డులో మంచముంది, ఇప్పుడే చేరాలంది.

గుమ్మంలోంచి అత్తయ్య, నువ్వూ పడుకుంటే వాణ్ణెవరు చూస్తారంది. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"రెండ్రోజులు ఆగలేవా?"

పెళ్లైనప్పటి నుంచీ నేను ఆగుతూనే ఉన్నాను. ఆకలేస్తే అందరూ తినేదాకా, జ్వరమొస్తే వంటయ్యేదాకా. ఆయన వేళ్లను మెల్లగా విడదీశాను.

"ఆగలేను."

నర్సునడిగి చేతి తొడుగులు తెచ్చి అత్తయ్యకిచ్చాను. వీటిని తొడుక్కుని చేస్తే భయమేమీ లేదనీ, తాకినంత మాత్రాన హెచ్ఐవి రాదనీ, తర్వాత మాత్రం సబ్బుతో బాగా రుద్ది కడుక్కోవాలనీ చెప్పాను.

"ఇంత మగాణ్ణి నేనెలా కడగను?" అంది.

"మొదట కడిగింది మీరే కదా, అత్తయ్యా."

ఆవిడ తొడుగులు తొడుక్కుని, గుమ్మం దాటి లోపలికొచ్చింది. నేను గోడ పట్టుకుని ఆడవార్డుకు నడిచాను. సెలైన్ పెట్టించుకుని, ఎవరు పిలిచినా లేపొద్దని నర్సుకు చెప్పి, పట్టపగలు నిద్రపోయాను.