ఎవరి ఉరుము ముందు

చెవులకు తగిలించుకొనే ఆ హెడ్‌ఫోను స్పాంజి చూస్తానే ఎర్రిస్వామి చెయ్యి వెనక్కి తీసుకొన్నాడు. నల్లగా, జిడ్డుగా, యాడికాడికి పెచ్చులు లేచి ఉండాది. ఊర్లో ఫోను బాగు చేయించుకొనేదానికి వచ్చిన ప్రతి తలకాయా దాంట్లో దూరి బయటపడిందే. కొబ్బరినూనె, చెమట, బీడీ అన్నీ కలిసి ఒకటే కంపు.

"ఇది తప్ప ఇంగోటి లేదా సాయిబూ?"

"ఇదొక్కటే ఉండేది. రెండు పక్కలా పలుకుతాది. నీ చెవులకు ఇంతకంటే ఏం కావాలప్పా?" అన్నాడు ఇమాంసాబు.

ఇమాంసాబు అంగడి బస్సులు నిలబడేచోట, రేకుల కింద ఉండాది. ఒకప్పుడు రేడియోలు, టేపురికార్డర్లు బాగు చేసేవాడు. ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అంటించుకొని బతుకుతాండాడు. ఈ పొద్దు ఆ అంగడి ముందర సగం ఊరు నిలబడింది. ఎర్రిస్వామికి అదీ నచ్చలేదు. తన బతుకు తేలేదానికి ఇంతమంది పల్లీలు నములుకుంటా వచ్చి నిలబడినారు.

తగవు ఉరుము గురించి. ఎర్రిస్వామిది ఉరుములు వాయించే ఇల్లు. వాద్యానికి ఒకపక్క తోలు మీద కొడతారు, ఇంగోపక్క ఆముదం పూసిన వంకర పుల్లతో రుద్దుతారు. ఆ రుద్దుడులో వచ్చే మూలుగు కోసమే దాన్ని ఉరుము అనేది. అక్కమ్మ జాతరలో దేవర గడప దాటేటప్పుడు ఎవరి ఉరుము ముందు మోగుతుందో వాళ్ళే దేవర ముందర నడవల్ల. రెండో ఇల్లు వాళ్ళ వెనకాల నడవల్ల. ఎర్రిస్వామి నాయన ఓబులేసు ముందు నడిచినాడు. ఆయన పోయినాక ఎర్రిస్వామి నడుస్తాండాడు. ఆయనకు సేను లేదు, మాటకారితనం లేదు, కొడుకులు లేరు. ఆ ముందు అడుగు ఒకటి ఉండాది.

పోయిన జాతరలో వెంకటరాముడు వీధిలోనే అడ్డం తిరిగినాడు. వెంకటరాముడు ఎర్రిస్వామికి మేనత్త కొడుకు, రెండో ఉరుము వాడిది. "ముందు ఉరుము మా నాయన నల్లప్పది. మీ నాయన లాక్కొన్నాడు. మాయమ్మ చచ్చేటప్పుడు చెప్పింది బావా" అన్నాడు. దేవర వీధిలో నిలబడిపోయింది. ఆ ఏడు వాన పడలేదు. ఆ నింద కూడా ఇద్దరి మీద పడింది.

ఊరి పెద్ద కుళ్ళాయప్పకు అప్పుడు గుర్తొచ్చింది సీడీ. ఓబులేసు, నల్లప్ప ఇద్దరూ బతికుండంగా ఒక జాతరకు అనంతపురం నుంచి ఎవరో ఒకాయన వచ్చి, గుడి గడప కాడ మైకు పెట్టి, మొదట్నుంచి కడదాకా టేపులో పట్టుకొనిపోయినాడు. అప్పటికి ఎర్రిస్వామి, వెంకటరాముడు పసిపిల్లలు, గడప కాడ ఉండినోళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. తర్వాత దాన్ని సీడీ చేసి ఊరికి పంపినాడు. అది పంచాయతీ బీరువాలో పడుండింది. ఊర్లో మోగేదాన్నే మళ్ళా మిషన్లో వినేదేందని ఎవరూ వినలేదు. దాంట్లో ఎవరి ఉరుము ముందు మోగితే ఆ ఇల్లే ముందు, అని కుళ్ళాయప్ప చెప్పినాడు. ఇద్దరూ తల ఊపినారు.

అయితే అప్పటికే జాతర చాటింపు అయిపోయింది. చాటింపు వేసినాక దేవర గడప దాటేదాకా ఊర్లో ఉరుము మోగకూడదు. మనిషి చేతిలోనూ మోగకూడదు, మిషన్లోనూ మోగకూడదు. అందుకని స్పీకరు లేదు. ఒకరి తర్వాత ఒకరు ఈ జిడ్డు స్పాంజి చెవులకు పెట్టుకొని వినాల్సిందే.

"ముందు నేను వింటా" అని కుళ్ళాయప్ప బెంచీ మీద కూర్చున్నాడు. ఆయనకు ఒక చెవి ఎప్పుడో పోయింది. రెండో చెవిలో వెంట్రుకలు కుచ్చు మాదిరి బయటికి ఉండాయి. తీర్పు చెప్పేది ఆ చెవి.

ఇమాంసాబు గుండ్రంగా అరచేయంత ఉండే మిషను తీసినాడు. బ్యాటరీలతో ఆడేది. మూత సరిగా పడక దానికి రబ్బరు వేసినాడు. సీడీ లోపల గరగర తిరిగింది. కుళ్ళాయప్ప కండ్లు మూసుకొన్నాడు. కొంచేపటికి నోరు తెరిచినాడు. నిద్రపోయినాడేమో అనుకొన్నారు.

"నల్లప్పది" అన్నాడు.

వెంకటరాముడు తువ్వాల ఎగరేసినాడు. "చెప్పలేదా బావా! చెప్పలేదా!"

"నాకు ఈయి" అని ఎర్రిస్వామి హెడ్‌ఫోను గుంజుకొన్నాడు. పంచె కొసతో ఆ పక్కా ఈ పక్కా తుడిచినాడు. పంచెకు నల్ల పెచ్చులు అంటుకొన్నాయి. చెవి మీద పెట్టుకొంటే ఇంగా కుళ్ళాయప్ప చెవి వేడి ఉండాది. థూ అనుకొన్నాడు.

విన్నాడు. జోరీగ గ్లాసులో పడి గింజుకొన్నట్ల ఉండాది. నల్లప్ప ఉరుముకు ఇత్తడి కట్టు, దాని గొంతు సన్నం. అదొక్కటే కీచుకీచుమని వస్తాండాది. తన నాయనది మాను తొలిచి చేసిన ఉరుము, గొంతు లావు. అది అసలు లేనే లేదు. ఆ మనిషి ఆ పొద్దు జాతరకే రానట్ల ఉండాది. మధ్యమధ్యలో పాట దుమికి ముందుకు పోతాండాది.

"ఇది మిషనా, కీచురాయా?" అన్నాడు. "మా నాయన ఉరుము యాడ పోయింది దీంట్లో? లావు గొంతు పలకదు ఇది. ఇంగోటి పెట్టు."

"ఓడిపోతే మిషను మంచిది కాదంటావా బావా?"

"నీ కొడుకు పంపిన మిషన్లోనే పెట్టమను పో."

అందరూ నవ్వినారు. వెంకటరాముడి కొడుకు సందీప్ బెంగళూరులో ఏసీలు బిగించే పనికి పోయి, ఈ పంచాయితీ సంగతి విని, తక్కువ ధరలో దొరికిందని ఆన్‌లైన్లో ఒకటి తెప్పించి పంపినాడు. నీలం లైట్లు, ఎర్ర లైట్లు, పెండ్లి బండి మాదిరి ఉండాది. వెంకటరాముడు దాన్ని గుడ్డలో చుట్టుకొని వచ్చినాడు. ఎవరినీ తాకనీలేదు, తానే సీడీ పెట్టినాడు.

కుళ్ళాయప్ప మళ్ళా విన్నాడు. ఈసారి తల వెనక్కి విసిరినాడు. "అమ్మా! నెత్తిలో రోలు దొర్లించినట్ల ఉండాది గదప్పా!" కొంచెం ఆగి, "ఓబులేసుది. అనుమానం లేదు, ముందు అదే" అన్నాడు.

వెంకటరాముడి ముఖం మాడింది. "నా మిషన్లో నేనే ఓడిపోతానా?"

"నీ కొడుకు న్యాయస్తుడప్పా" అన్నాడు ఇమాంసాబు. మళ్ళా నవ్వులు.

ఎర్రిస్వామి పెండ్లాము హనుమక్క మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకొంది. "మనదేనంట. ఇంగ లెయ్. పోదాం పా. సాలు."

ఆయన లేయలేదు. తానూ పెట్టుకొని విన్నాడు. గెలిచిన పాట అది, తియ్యగా ఉండాల. అయితే లోపల అంతా దిమ్ములే. ఖాళీ డ్రమ్ములు లారీలో దొర్లినట్ల ఉండాది. మాను ఉరుము గొంతు లావే, అయితే దాంట్లో ఒక తడి ఉంటాది, తోలు మీద పుల్ల జారేటప్పుడు వచ్చే తడి. అది లేదు. నాయనది గాదు ఈ మోత. ఇత్తడి ఉరుము అసలు పలకడమే లేదు. మొదటి మిషను ఒకణ్ణి మింగింది, ఇది ఇంగొకణ్ణి మింగింది.

గమ్మున ఉంటే అయిపోతాది. ఆయనకు గమ్మున ఉండేది బాగా వచ్చు. పుట్టినప్పట్నుంచి చేస్తాండే పని అదే. కానీ వెంకటరాముడు ఊరుకొంటాడా?

"లెక్క సమానమైంది. ఇంగోటి పెట్టల్ల" అన్నాడు వెంకటరాముడు.

"నా కాడ ఇంగ లేవప్పా" అని ఇమాంసాబు చేతులు తిప్పినాడు. తర్వాత నుదురు గోక్కున్నాడు. "ఇంట్లో ఒకటి ఉండాది. మా ఆడమనిషి రంజాన్ బీ దాని మీద ఊరగాయ జాడీ పెట్టుకొనింది."

పోయి తెచ్చినాడు. బూడిద రంగుది, బరువైంది, పాత ఇనుప పెట్టె మాదిరి. జాడీ అడుగు ముద్ర గుండ్రంగా నూనెతో పడుండింది. మామిడికాయ ముక్క ఒకటి ఎండి అతుక్కొని ఉండాది. ఇమాంసాబు గోటితో గీకినాడు. ఎవరో గుత్తి స్టేషన్ కాడ ఇల్లు ఖాళీ చేస్తా వదిలిపెట్టి పోయిందంట, తూకానికి తెచ్చుకొన్నాడంట.

"ఈసారి ముందు నేను వింటా" అన్నాడు ఎర్రిస్వామి. కుళ్ళాయప్ప బెంచీ మీద జరిగి చోటిచ్చినాడు. ఆయన చెవి అప్పటికే నొప్పి పట్టింది.

సీడీ తిరిగింది. చప్పుడు లేదు. పాడైంది అనుకొనేలోగా దూరంగా మేక అరిచింది. ఎవరో దగ్గినారు. ఆడోళ్ళ గాజులు కదిలినాయి. ఎర్రిస్వామి వెనక్కి తిరిగి చూసినాడు, అంగడి వెనకాల మేక ఉందేమోనని. లేదు. మేక ఆ పొద్దుటిది.

అప్పుడు ఇత్తడి ఉరుము మొదలైంది. మెల్లగా, ఊపిరి మాదిరి. తోలు మీద పుల్ల జారే తడి కూడా వినపడింది. నల్లప్ప అట్ల రుద్దుతాడని ఎర్రిస్వామికి తెలీదు. ఇన్నేండ్లూ వెనకాల వచ్చే ఉరుముగానే విన్నాడు ఆయన్ని. ఆ చెయ్యి గడప మీంచి దేవరను చెయ్యి పట్టి దించుతాండాది.

దాని మీద ఒక గొంతు పడింది. శానా దగ్గరగా, మైకు పక్కనే. సారాయి నానిన గొంతు.

"ఆపరా నాకొడకా. ముందు నువ్వా?"

తర్వాత టక్‌మని ఒక దెబ్బ. తోలు మీద పడింది కాదు. ఎముక మీద పడిన కట్టె చప్పుడు. నల్లప్ప "అబ్బా" అన్నాడు, అంతే. ఇత్తడి ఉరుము తెగిపోయింది. ఆ వెనకాలే మాను ఉరుము లేసింది, జోరుగా, ఊరంతా ఈలలు వేసినారు. ఇంగ కొంచేపటికి ఇత్తడిది మళ్ళా వచ్చి వెనక చేరింది. కుంటుకుంటా వచ్చింది. ఒక వేటు పడతాది, ఒక వేటు తప్పుతాది.

ఆ గొంతు ఎవరిదో ఎర్రిస్వామికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. ఆ గొంతు చేతిలోనే తిట్లు తిని, తన్నులు తిని పెరిగినాడు. అయినా ఆ మనిషి ఉరుము పట్టుకొంటే దేవుడే అని ఒక మాట చెప్పుకొని, అన్నీ దాని కింద మూసిపెట్టుకొని బతికినాడు. ఇప్పుడు హెడ్‌ఫోను తీసి బెంచీ మీద పెట్టినాడు. అంగడి పక్కకు పోయి ఉమ్మినాడు. మళ్ళా వచ్చినాడు.

"ఏం వినపడింది?" హనుమక్క ఆత్రంగా అడిగింది. "మనదేనా?"

ఆయన ఇమాంసాబు చేత పాట మళ్ళా మొదటికి తిప్పించి, హెడ్‌ఫోను వెంకటరాముడి చేతికి ఇచ్చినాడు.

"పెట్టుకో."

వెంకటరాముడు నవ్వుకుంటానే పెట్టుకొన్నాడు. కొంచేపటికి నవ్వు పోయింది. తర్వాత ఒక్కసారి భుజాలు అదిరినాయి, దెబ్బ తనకే పడినట్ల. కడదాకా వినకుండానే తీసేసినాడు. ఎగురుతాడని, అరుస్తాడని ఊరు కాసుకొని ఉండాది. వాడు కుడిచేతి వేలొకటి ఎడమచేత్తో పట్టుకొని కూర్చున్నాడు.

"మా నాయన వేలు బాయి గిలక కింద నలిగిందని చెప్పేవాడు" అన్నాడు. "సచ్చేదాకా అదే చెప్పినాడు బావా. మాయమ్మకూ అదే చెప్పినాడు."



"ఏమైందప్పా? ఎవరిది ముందు?" కుళ్ళాయప్ప హెడ్‌ఫోను కోసం చెయ్యి చాపినాడు. పెట్టుకొన్నాడు, అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. "నాకు మేక తప్ప ఏమీ వినపడ్లేదే!"

"నల్లప్పది" అన్నాడు ఎర్రిస్వామి.

"నువ్వే చెప్తాండావా?"

"నేనే విన్నా. మా నాయన కొట్టి లాక్కొన్నాడు. వాళ్ళదే ముందు."

పల్లీలు నమిలే చప్పుడు ఆగిపోయింది. ఆయన చెప్పులు ఏసుకొని నడిచినాడు. హనుమక్క వెనకాలే పడింది.

"ఇన్నేండ్లు కాపురం చేస్తే సాంబారులో ఉప్పు సాలిందో లేదో చెప్పని మనిషివి. అన్నీ దిగమింగుకొనే మనిషివి. ఊరంతా వినేటట్ల నోరు తెరవడానికి ఈ పొద్దే దొరికిందా నీకు?"

"కడుపులో నిలవలేదు" అన్నాడు.

"ముసిలోడు సచ్చి ఎన్నేండ్లాయ! మనం ఏం చేసినాం? మధ్యలో మనకేంటికి ఈ అవమానం?"

 చెవుల చుట్టూ స్పాంజి జిడ్డు ఇంగా అంటుకొనే ఉండాది. ఇంటికి పోయి సబ్బు పెట్టి కడుక్కున్నాడు. పోయినట్ల అనిపించలేదు. మళ్ళా కడుక్కున్నాడు.

జాతర పొద్దు దేవర గడప కాడికి వచ్చింది. వెంకటరాముడు కొత్త పంచె కట్టి ముందర నిలబడినాడు. ఎర్రిస్వామి వాడి వెనకాల, నాయన పోయినాక మొట్టమొదటిసారి ఇంగొకడి వీపు చూస్తా నిలబడినాడు. ఆ వీపు చెమటతో తడిసి ఉండాది.

వెంకటరాముడు పుల్ల తోలుకు ఆనించినాడు. కీర్‌మని ఒక మోత లేసింది, తలుపు బందు అరిచినట్ల. పిల్లోళ్ళు నవ్వినారు. మళ్ళా రుద్దినాడు. ఇంగా పాడైంది. ఊరంతా ఎర్రిస్వామి పక్కకే చూసింది. కుళ్ళాయప్ప తన మంచి చెవి అటు తిప్పి, "ఏమప్పా ఎర్రిస్వామీ, దీని కోసమేనా అంత పంచాయితీ?" అన్నాడు.

ఎర్రిస్వామికి చెవులు మండినాయి. వీడు ఆ నల్లప్పకు పుట్టినోడేనా అనిపించింది. ఊర్లో తీర్పు చెప్పేవాళ్ళు, నవ్వేవాళ్ళు, మిషన్లు, ఈ చేతకాని బామ్మర్ది, భూమి కింద పండుకొనుండే తన నాయన, అందరి మీదా ఒకే తీరుగా ఏవగింపు పుట్టింది. ముందుకు ఒక అడుగు వేస్తే సాలు, దేవర తన వెనకే నడుస్తాది. ఎవరూ వద్దనరు.

వంగి వెంకటరాముడి చెవి దగ్గర చెప్పినాడు.

"ఆముదం ఎక్కువ పూసినావు. పుల్ల తుడువు."

వాడు కొత్త పంచెకే తుడుచుకొన్నాడు. మళ్ళా రుద్దినాడు. బాగా రాలేదు. అయితే మోత అనే మాదిరి వచ్చింది. దేవర గడప దాటింది.

"నిదానంగా పో" అన్నాడు ఎర్రిస్వామి, విసుక్కుంటానే, తన ఉరుము ఎత్తుకొని.