చౌల్దారీ పేజీలో రెండు పాయింట్ల గీత

తెలుగు అక్షరానికి కింద కాళ్ళుంటాయి. ఈ సంగతి ఇంగ్లీషు పట్టికలు చేసేవాళ్ళకి ఎంత చెప్పినా బుర్రకెక్కదు. శ్రీలక్ష్మి అని కొట్టి చూడండి. గడి లోపల కింద జాగా చాలకపోతే ఆ వత్తులు దిగి నేరుగా గీత మీద కూర్చుంటాయి. చూసేవాడికి కంట్లో నలుసు పడ్డట్టుంటుంది. అందుకే నేను పైన ఒక మిల్లీమీటరు, కింద ఒకటిన్నర వదులుతాను. గీత మందం పావు పాయింటు. అంతకు మించితే పేజీ మొత్తం కిటికీ ఊచల్లా తయారవుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఇంత పట్టింపుగా పట్టిక వేసేది నేనొక్కదాన్నే. గొప్ప చెప్పుకుంటోంది అనుకుంటే అనుకోండి, నాకేం.

నా పేరు బేబీరాణి. డిగ్నాబాద్‌లో మా ఇంటి ముందు గదే నా డీటీపీ సెంటరు. పెళ్ళి పత్రికలు, బిల్లు పుస్తకాలు, ఆఫీసు ఫారాలు, అన్నీ చేస్తాను. వచ్చినవాళ్ళు పని చెబుతారు, నేను చేస్తాను, వాళ్ళు పోతారు. అమ్మ పోయి ఆరేళ్ళు. ఆ తర్వాత ఈ ఇంట్లో మాట్లాడేది ప్రింటరూ నేనూ.

ఏటా మా తెలుగు సంఘం కుటుంబాల పుస్తకం వేస్తుంది. ఊళ్ళవారీగా పట్టికలుంటాయి. ఇంటిపెద్ద పేరు, సొంతూరు, ఇంట్లో ఎంతమంది, ఫోను నంబరు, అంతే. దానికొక ఆనవాయితీ ఉంది. ఆ ఏడాది ఎవరైనా పోతే వాళ్ళ వరస చుట్టూ రెండు పాయింట్ల నల్లగీత వేస్తాం. మరుసటేడు వరస తీసేస్తాం. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. అయినా నల్లగీత అంటే ఏమిటో అందరికీ తెలుసు. పుస్తకం చేతికి రాగానే ముందు నల్లగీతల కోసమే తిరగేస్తారు.

ఈ ఏడాది చౌల్దారీ ఊరి పేజీలో పెదబాబు గారికి గీత వేసి పెట్టాను. తీరా ప్రెస్సుకి పంపే రోజు కన్నారావు గారు ఊడిపడ్డారు. ఆయన సంఘానికి కార్యదర్శి, బజార్లో హార్డ్‌వేర్ కొట్టు ఆయనదే. గోపినాథ్ అనే ఆయన కుటుంబం కొత్తగా చౌల్దారీ వచ్చిందట, చేర్చి తీరాలట. ఒళ్ళు మండిపోయింది. ఒక్క వరస మధ్యలో చేరిస్తే సరిపోయేది. ఆ కోపంలో చివర ఒక వరస కలిపి, ఆయన తెచ్చిన కొత్త జాబితా మొత్తం కాపీ చేసి పాత గడుల్లో పోసేశాను. గోపినాథ్ పేరు పైన దూరడంతో కిందున్న పేర్లన్నీ ఒక్కో గడి దిగాయి. నల్లగీత మాత్రం ఎక్కడ వేసింది అక్కడే ఉండిపోయింది. నేను మళ్ళీ చూసుకోలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

పుస్తకం పంచిన మర్నాడే ఫోన్లు మొదలయ్యాయి. వెనక అట్ట మీద నా నంబరు ఉంటుంది కదా. ముందు పెదబాబు గారి పెద్ద కొడుకు మనోజ్.

“ఆంటీ, యే క్యా హై? మా నాన్నకి నల్లగీత ఎయ్యలేదేటి? నాన్న పోయి ఐదు నెల్లవుతుంది. మీకు యాద్ లేదా?”

తర్వాత అతని చెల్లెలు, ఇద్దరు అల్లుళ్ళు, రంగత్ నుంచి మేనమామ. మూడు రోజుల్లో పదకొండు ఫోన్లు. అందరికీ క్షమాపణ చెప్పాను. అంతమంది ఒక్క గీత కోసం పోట్లాడుతుంటే, నిజం చెప్పొద్దూ, నాకు అసూయ కూడా కలిగింది.

అప్పుడు ఫైలు తెరిచాను. పెదబాబు గారి దగ్గర లేని గీత మరి ఎవరి దగ్గరుందని. ఆయన పై వరస చుట్టూ ఉంది. జోగులు. సొంతూరు భావనపాడు. ఇంట్లో ఒకరు.

బతికున్న మనిషిని చంపేశాను. వెంటనే కన్నారావు గారికి ఫోన్ చేశాను.

“ఆ జోగులు నీకు ఫోన్ చేశాడా?”

“లేదండి.”

“ఆయన తరఫున ఎవరైనా?”

“లేదండి.”

“మరింకేం, ఊరుకో. పెదబాబు గారి వరకు ఒక సవరణ చీటీ వేసి పంచేద్దాం. లేనిపోని గొడవ నువ్వే తెచ్చుకుంటావేంటి? అడిగితే చూద్దాం.”

నేను ఊరుకున్నాను. చీటీ మీద పెదబాబు గారి పేరొక్కటే వేశాను. ఎప్పుడూ ఎవరి మాటా వినని నేను ఆ రోజు ఎందుకు విన్నానంటే, భయం. జోగులు గారి నంబరు నా ఎదురుగా తెర మీదే ఉంది. నొక్కలేదు. ఏమని అడగాలి? బతికే ఉన్నారా అనా?

రోజూ ఎదురుచూశాను. ఫోను మోగినప్పుడల్లా ఇదే అనుకున్నాను. కాదు, పెళ్ళి పత్రిక. కాదు, బిల్లు పుస్తకం. ఐదు వందల ఇళ్ళకి పుస్తకం వెళ్ళింది. ఐదు వందల ఇళ్ళలో నల్లగీతల కోసం తిరగేసే ఉంటారు. ఒక్కరూ అడగలేదు. ఒక సాయంత్రం డిగ్నాబాద్ పేజీ తీసి నా వరస చూసుకున్నాను. ఇంట్లో ఒకరు. ఆ గీత నా చుట్టూ పడి ఉంటే? ఎవరడుగుతారు? పత్రికలు ఆలస్యమయ్యాయని పెళ్ళివాళ్ళు అడుగుతారేమో.

పంతొమ్మిదో రోజు పొద్దున పదకొండింటికి ఒక పెద్దాయన గుమ్మం ముందు చెప్పులు విడిచాడు. డెబ్భై దాటిన మనిషి. భుజాన గుడ్డసంచి, చొక్కా జేబులో రబ్బరు బ్యాండు చుట్టిన పాత ఫోను. సంచిలోంచి పుస్తకం తీసి చౌల్దారీ పేజీ దగ్గర తెరిచి బల్ల మీద పెట్టాడు.

“ఈ గీతలేసింది నువ్వేనామ్మా?”

లేచి నిలబడ్డాను. “నేనేనండి. తప్పు నాదే. కోపంలో పని చేశాను. నాలుగు తిట్టండి, పడతాను.”

“తిట్టడానికి రానేదమ్మా. కూకో.” ఆయన కూడా కూర్చున్నాడు. ఫీనిక్స్ బేలో దీవుల మధ్య తిరిగే బోట్లలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇంజన్ గదిలో పని చేశాడట. ఆ రొదకి చెవి కొంచెం దెబ్బతిన్నదట, గట్టిగా మాట్లాడమన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “ఒక మాట తెలుసుకుందారని బస్సెక్కినాను. ఎవురైనా అడిగినారేటి నా గురించి? నీకు గానీ, సంఘం ఆఫీసుకి గానీ?”

“అడిగారండి,” అనేశాను. “ముగ్గురు.”

“ఎవురెవురు?”

“మీ పాత బోటువాళ్ళనుకుంటాను.”

“పేర్లు సెప్పనేదా?”

నాకు ఆయన స్నేహితుల పేరు ఒక్కటీ తెలియదు. తెర వైపు చూశాను. ఆయన నన్ను కాసేపు చూశాడు.

“మంచిదానివమ్మా,” అన్నాడు. దానికంటే చెంప మీద ఒకటి కొట్టినా బాగుండేది.

“నాకూ ఫోను రానేదు,” అన్నాడు మళ్ళీ. “నంబరు సరిగ్గానే పడింది. ఒకటికి రెండుసార్లు సూసుకున్నాను. పుస్తకం వొచ్చిన కాడి నుంచి ఫోను వొదల్నేదు. తానానికెల్తే బకెట్టు పక్కనే ఎట్టుకున్నాను. ఎవుడో ఒకడు సేస్తాడు గదా, ఇంట్లో ఎవుళ్ళున్నారో కనుక్కుందారని. సేస్తే ఏటనాలో కూడా అనుకుని ఎట్టుకున్నాను.”

“ఏమనాలని?”

ముసలాయన సిగ్గుపడ్డాడు. బల్ల అంచు గోటితో గీకుతూ చెప్పాడు. “నాను సచ్చిపోనేదురా బాబూ. చౌల్దారీలోనే ఉన్నాను. సేప పులుసెట్టినాను, వొచ్చి తినీసి ఎల్లు. అంతే.”

నేను కంప్యూటరు వైపు తిరిగిపోయాను. ఏడుపు ఎవరి ముందూ చూపించే అలవాటు నాకు లేదు. ఫైలు తెరిచి ఆయన వరస పట్టుకుని రెండు పాయింట్లని పావు పాయింటు చేశాను. ఆయన వెనక నిలబడి చూశాడు.

“అంతేనా?”

“అంతేనండి.”

“ఒక్క నొక్కుకేనా?”

“అవునండి.”

ఆ పేజీ మంచి కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాను. దాన్ని పుస్తకంలో పెట్టుకుని, నా వరస ఎక్కడుందో చూపించమన్నాడు. డిగ్నాబాద్ పేజీ తీసి చూపించాను. వేలు పెట్టి చదివి, ఇంట్లో ఎంతమంది అన్న గడి దగ్గర ఆగాడు. “నీకూ ఒకటేనా,” అన్నాడు. పన్నెండింటి బస్సుకి వెళ్ళిపోయాడు.

నాకు పని సాగలేదు. ఒక ఫారం పట్టిక మూడుసార్లు పాడుచేశాను. గడియారం చూస్తూ కూర్చున్నాను. బస్సు చేరి ఉంటుంది. నడిచి ఇంటికెళ్ళి ఉంటాడు. తాళం తీసి మంచినీళ్ళు తాగి ఉంటాడు. రెండు దాటాక, తెర మీదున్న ఆ నంబరు ఒక్కో అంకే నొక్కాను.

మొదటి రింగుకే ఎత్తాడు. “అలో.”

గొంతు సవరించుకుని గట్టిగా అడిగాను. “జోగులు గారి ఇల్లేనాండి? సంఘం పుస్తకంలో ఆయన పేరు చుట్టూ నల్లగీత చూశాను. నిజమేనాండి? ఇంట్లో ఎవరున్నారు?”

నా గొంతు ఆయన గుర్తుపట్టాడు. గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు, రెండు గంటల కింద విన్నదే. అటు వైపు కోళ్ళు అరుస్తున్నాయి. తిడతాడేమో అనుకున్నాను. అప్పుడు ఇంజన్ గదిలో అరిచినంత పెద్దగా వచ్చింది మాట.

“నాను సచ్చిపోనేదురా బాబూ. చౌల్దారీలోనే ఉన్నాను. సేప పులుసెట్టినాను, వొచ్చి తినీసి ఎల్లు.”

చెప్పి నవ్వాడు. పంతొమ్మిది రోజులు దాచుకున్న నవ్వు, ఆగడానికి చాలాసేపు పట్టింది. నేనూ నవ్వాను. కళ్ళు తుడుచుకున్నాను.

“ఏ చేపండి?” అన్నాను.

ఆయన గొంతు చిన్నదైపోయింది.

“ఇంకా కొననేదమ్మా. ఎవురైనా వొస్తానంటే కొందారని.”

“కొనండి,” అన్నాను.