పాకితే పాశం

రమ పొద్దున తుడిచిన నేలనే మళ్ళీ తుడుస్తోంది. బట్టను బకెట్‌లో ముంచి పిండితే నీళ్ళు కాటుక కలిపినట్టు అయ్యాయి. కిటికీ తలుపులు మూసినా, సందుల్లో పాత చీర ముక్కలు కుక్కినా, ఓపెన్‌కాస్ట్ గని మీద లేచిన బొగ్గు దుమ్ము ఎలా వస్తుందో వచ్చి, పిలవని చుట్టంలా ఇల్లంతా పరుచుకుని కూర్చుంటుంది. గోదావరిఖనికి కాపురానికి వచ్చిన కొత్తలో రమ దానితో కొట్లాడింది. తర్వాత రాజీపడింది. కూతురు హర్షిణి పుట్టాక మళ్ళీ కొట్లాట మొదలుపెట్టింది.

హర్షిణి మంచం నడుమ రెండు దిండ్ల మధ్య కూర్చుని, గంటెతో స్టీలు గిన్నెను కొడుతూ తల్లి పనికి అజమాయిషీ చేస్తోంది. ఏడాది నిండి రెండు నెలలైంది. "అవ్వ" అంటుంది, "బాపు" అంటుంది, కాకిని పిలుస్తుంది, ఫోను మోగితే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటుంది. కదలడం మాత్రం రాదు. కూర్చోబెట్టిన చోటే గద్దె మీది దేవతలా కూర్చుంటుంది. ఏదైనా కావాలంటే వేలు చూపిస్తుంది. చూపించింది వచ్చి చేతిలో పడుతుంది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్‌కు సైరన్ మోగగానే, గిన్నెలు గలగలమనేలోపే రమ పరుగున వచ్చి పిల్లను గుండెకు అదుముకుంటుంది.

ఇంకా పాకదేం? ఇంకా నిలబడదేం? అదే రమకు గుండెల మీద కుంపటి.

అత్త ఐలవ్వ వాకిట్లోంచి ఒక పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చింది. పళ్ళెంలో అరిసెలు.

"పక్కింటోళ్ళు ఇచ్చిండ్రు. రుత్విక్ నడిచిండట."

రుత్విక్ హర్షిణి కంటే నెల చిన్న. మన ఇంట్లో ఎప్పుడు వండుతామో అని ఐలవ్వ అనలేదు. ఒక అరిసె విరిచి నోట్లో వేసుకుని, "పాకం ముదిరింది," అంది. రమకు అర్థమైపోయింది.

ఆ ఇంట్లో పిల్లలు చేసే ప్రతి కొత్త పనికీ ఒక వంట ఉంది. నవ్వితే నువ్వుల ముద్దలు, బోర్లా పడితే బొబ్బర గుడాలు, పాకితే పాశం, అడుగేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఐలవ్వ తన పిల్లలందరికీ వరుస తప్పకుండా వండి, క్వార్టర్ల లైనంతా పంచింది. హర్షిణికి నువ్వుల ముద్దలు అయ్యాయి, ఉడికించి తాలింపు పెట్టిన గుడాలూ అయ్యాయి. పాయసం, అదే పాశం, వండడానికి తెచ్చిన బెల్లానికి మాత్రం చీమలు పట్టడం, ఐలవ్వ దాన్ని ఎండకు పెట్టడం, మళ్ళీ చీమలు పట్టడం ఒక ఆచారంగా మారింది.

ఆ మధ్య రమ పిల్లను దవాఖానకు తీసుకెళ్ళింది. డాక్టరమ్మ కాళ్ళు చేతులు వంచి చూసింది, వెనక నుంచి చిటికె వేసి చూసింది. "కాళ్ళల్ల బలముంది. పిలిస్తే తిరుగుతుంది. అందరు పిల్లలు ఒక్క నెలల్నే నడవరమ్మా. ఏడాదిన్నర దాకా చూద్దాం. అప్పటికి నడవకుంటే మళ్ళ తీసుకరా," అంది. ఆనక అడిగింది: "పగలంతా ఎక్కడ ఉంచుతరు?"

"చంకల, లేకుంటే మంచం మీద మేడం. కింద పెట్టనే పెట్టం," రమ గొప్పగా చెప్పింది.

"అయితే పెట్టుండ్రి," అని డాక్టరమ్మ నవ్వింది.

వాళ్ళింట్లో ఇంత దుమ్ము ఉండదేమో అనుకుంది రమ. డాక్టరమ్మ మాటను దవాఖాన మెట్ల మీదే వదిలేసి వచ్చింది.

వెనక క్వార్టర్‌లో ఉండే హబీబున్నీసా తోడుకు పెరుగు కోసం గిన్నె పట్టుకుని వచ్చింది. వస్తూనే ఐలవ్వ వాలకం కనిపెట్టింది.

"ఏంది ఐలవ్వా, గట్ల మొఖం పెట్టినవ్? అరిసె గొంతుల పడ్డదా?"

"నీకేం తెల్సు హబీబా! పిల్ల పాకుతలేదు. పాకంది నడుస్తదా? పునాది లేంది గోడ లేస్తదా?"

"మా ఉజైర్ పాకిండా? ఎన్నడు పాకలె. కూసునే జరిగిండు. లాగులన్నీ ఎనకంగ చినిగినయ్, అతుకులేసి ఏసి నా ఏళ్ళు పోయినయ్. ఇప్పుడు బసంత్‌నగర్‌ల మెకానిక్. లారీల కింద పాకుతుండు సూడు, అప్పటిదీ ఇప్పటిదీ కలిపి!"

రమ నవ్వింది. హబీబున్నీసా మంచం దగ్గరికి వెళ్ళి, హర్షిణి గౌను కొంచెం పైకి జరిపి మోకాళ్ళు చూసింది.

"అరె రమా, ఇవేం మోకాళ్ళమ్మా? కొత్త గిన్నెల లెక్క మెరుస్తున్నయ్! ఇవి వాడెటియేనా, షోకేసుల పెట్టెటియా?"

రమ చేతిలో తడిబట్ట ఆగిపోయింది. రుత్విక్ మోకాళ్ళు గుర్తొచ్చాయి. ఎంత రుద్దినా వదలని మసి. నల్లా దగ్గర వాడి తల్లి "మావోడు పుట్టంగనే డ్యూటీ ఎక్కిండు" అని నవ్వుతుంటే, పిల్లాణ్ణి ఇలా వదిలేస్తారా అని రమ లోలోపల మూతి విరిచింది కూడా. ఇప్పుడు కూతురి తెల్లటి మోకాళ్ళు చూస్తుంటే మూతి విరవాల్సింది ఎవరిని చూసో తెలియలేదు.

లేచి, చేతులు తుడుచుకుని, పిల్లను ఎత్తి నేల మీద కూర్చోబెట్టింది.

"ఏయ్, ఏంది గది? దుమ్ము!" ఐలవ్వ గాబరాపడింది.

"ఇప్పుడే తుడిచిన అత్తమ్మా."

"మళ్ళ పడ్తది గద!"

"పడనీ. మళ్ళ తుడుస్త. పిల్లను గూడ తుడుస్త."

హర్షిణి కొత్త ఊళ్ళో బస్సు దిగినదానిలా అటూ ఇటూ చూసింది. గంటె మంచం మీదే ఉండిపోయింది. వేలు చూపించింది. గంటె రాలేదు. ఇంకాస్త గట్టిగా చూపించింది. ఐలవ్వ చెయ్యి చాచబోతే రమ ఆ చేతిని పట్టుకుంది. హర్షిణి రాగం తీసింది. ఆ రోజుకు జరిగింది అంతే. పిల్ల ఏడ్చి ఏడ్చి నేల మీదే నిద్రపోయింది, అత్త కోడలితో మాట్లాడడం మానేసింది.

మర్నాడూ కింద పెట్టింది. ఆ తర్వాతా పెట్టింది. ఒకనాడు రమ భర్త అంజి రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి, కూతురు ఒక చేత్తో నేలను తోసుకుంటూ, కూర్చున్నది కూర్చున్నట్టే గంటె దాకా జరిగి పోతోంది. అంజి గనిలో డంపర్ నడుపుతాడు.

"ఓర్నీ! దీనికి స్టీరింగ్ లేదు, గేర్లు లేవు, బండి మాత్రం ఉరుకుతుంది!"

"అత్తమ్మా, పాశం!" రమ వంటింట్లోకి కేక వేసింది.

ఐలవ్వ వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకుని చూసింది. "గిది పాకుడా? జరుగుడు. జరిగితే పాశం వండాల్నని మా అత్త నాకు చెప్పలె."

బెల్లం మళ్ళీ ఎండకు వెళ్ళింది.

హర్షిణికి ఈ చట్టాలు పట్టలేదు. జరిగి జరిగి మంచం కోడు పట్టుకుంది. కోడు పట్టుకుని లేచింది. కోడు వదలకుండా మంచం చుట్టూ తిరిగింది. గౌనుకు వెనకంతా నలుపే. అరచేతులు నలుపు. మోకాళ్ళు కూడా, పడి లేచి, పడి లేచి, నల్లబడ్డాయి. సాయంత్రం స్నానం చేయిస్తూ రమ ఆ మోకాళ్ళను రుద్దాల్సినంత గట్టిగా రుద్దడం లేదు.

ఒక మధ్యాహ్నం రమ నేల తుడవడానికి గడప పక్కన కూర్చుని బట్ట పిండుతోంది. అంజి నిద్రలేచి అన్నం తింటున్నాడు. మళ్ళీ తోడు పెరుగు కోసం వచ్చిన హబీబున్నీసా పీట వేసుకుని కూర్చుంది. పంచాయితీ అదే.

"రేపో మాపో అడుగేస్తది. పాశం ఎగ్గొట్టి అరిసెలకు పోదామే అవ్వా," అన్నాడు అంజి.

"ఎట్ల పోతవ్‌రా? ఫస్టు షిఫ్టు చెయ్యకుంట సెకండ్ షిఫ్టు హాజరు ఏయించుకుంటవా?"

"రెండూ ఒక్కనాడే వండు ఐలవ్వా. తినెటందుకు మేం లేమా?" అంది హబీబున్నీసా.

"నీకేందమ్మా, నువ్వు తింటవ్. తప్పు నాకు తగుల్తది!"

అప్పుడే హర్షిణి మంచం కోడు వదిలింది.

రమ ఒక్కతే చూసింది. పిల్ల చేతులు రెండూ పక్షిపిల్ల రెక్కల్లా పెట్టుకుని, ఊగి, ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. కూలబడింది. లేచింది. పిలుద్దామని రమ నోరు తెరిచింది. సైరన్ మోగింది.

ఒంట్లోని ప్రతి నరమూ లేచి పరుగెత్తమంది. రమ రెండు చేతులతో తడిబట్టను గట్టిగా పట్టుకుని అక్కడే కూర్చుంది.

భూమి లోపల ధడ్‌మంది. గిన్నెలు గలగలమన్నాయి. హర్షిణి ఆగి గిన్నెల వైపు చూసింది, తల్లి వైపు చూసింది. ఎత్తుకోవడానికి ఎవరూ రావడం లేదని తెలుసుకుని, మళ్ళీ నడక సాగించింది. నేల మీది పలచటి దుమ్ములో వెనకాల చిన్న చిన్న పాదాల గుర్తులు పడుతున్నాయి. రమ అటువైపు బట్ట పెట్టలేదు.

"మా అత్త ఉంటే అడుగుదుము," అంటోంది ఐలవ్వ.

"ఉంటే ఆమె గూడ తినేది," అంటోంది హబీబున్నీసా.

లోపల పాశం ముందా అరిసెలు ముందా అన్నది తేలలేదు; గారెల దాకా ఎవరి ఆలోచనా పోలేదు. హర్షిణి ద్వారబంధం పట్టుకుని ఒక కాలు ఎత్తింది, ఆలోచించింది, రెండో కాలు కూడా అవతల పెట్టింది. ఎవరి తీర్పు కోసమూ ఆగకుండా గడప దాటి వాకిట్లోకి వెళ్ళిపోయింది.