రాఘవమ్మ పంపు

రాఘవమ్మ చేతులు పొట్టివి. నలభై రెండేళ్ళలో ఆ సంగతి ఆమెకు ఏనాడూ అడ్డం రాలేదు. నాట్లు వేసింది, బండి తోలింది, బావి దగ్గర ఆయిలింజను హ్యాండిలు మగవాళ్ళకంటే జోరుగా తిప్పింది. మొగుడు పద్మనాభయ్య పోయి, ఆయన తుపాకీ తన చేతికి వచ్చాకే రెండంగుళాల తక్కువ ఎంత తక్కువో తెలిసివచ్చింది.

అది మామూలు నాటు తుపాకీ కాదు. అమెరికాలో చేసింది. కాలువల మీద అధికారం చేసిన దొర ఒకాయన, నలభై ఏడులో మూటాముల్లే సర్దుకుని ఇంగ్లండు సీమకు పోతూ పద్మనాభయ్య చేతిలో పెట్టిపోయాడు. గొట్టం కింద ఒక పిడి ఉంటుంది. దాన్ని వెనక్కి లాగి ముందుకు తోస్తే, కాలిన తూటా బయటపడి కొత్త తూటా లోపలికి పోతుంది. చేతిపంపు కొట్టినట్టే ఉండేసరికి ముత్తుకూరు చుట్టుపక్కల అందరూ దాన్ని పంపు తుపాకీ అన్నారు. అంత మాట పలకడానికి బద్ధకమైనవాళ్ళు ఉత్త పంపు అన్నారు. చివరికి అదే నిలిచింది.

పద్మనాభయ్య ఆరడుగుల మనిషి. భుజం మీద నుంచి దించకుండానే ఐదు తూటాలూ కాల్చేవాడు. రాఘవమ్మ భుజానికి ఆనిస్తే ఎడం చెయ్యి ముందు పిడికి అందదు. ఒకటి కాల్చి, తుపాకీని దించి, పొట్టకు ఆనించుకుని పిడి లాగి, మళ్ళీ ఎత్తేసరికి అడవిపంది సరుగుడు తోపు దాటి తోక ఊపుతూ పోయేది. ఎనిమిదెకరాల ఇసుకనేలలో వేసిన వేరుశనగ పోయిన పంటలో సగం ఆ పందుల పొట్టలోకే పోయింది. ఈ పంటా పోతే చేను కౌలుకు ఇవ్వక తప్పదు. ఇస్తే ఎవరికి? పక్క చేను మరిది రంగనాయకులుకే. రాఘవమ్మకు ఆ ఆలోచన వస్తేనే ఒళ్ళు మండేది.

లైసెన్సు ఇంకా ఆమె పేరుకు మారలేదు. విచారణ తేలేదాకా తుపాకీ దగ్గర ఉంచుకోవచ్చని తాలూకా కచ్చేరి కాగితం ఇచ్చింది, అంతే. ఒకరోజు రంగనాయకులు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, తుపాకీ వెనక కొయ్య కోయించాలనుకుంటున్నావంట. అంత పని చేయబాక. దాని విలువ నీకు తెలవదు. మద్రాసులో ఇట్టాంటివాటిని అద్దాల బీరువాలో పెట్టుకుంటారంట. ఒక్క గీత పడినా కట్టెల కింద లెక్కే."

"బీరువాలో పెడితే పందులు భయపడతాయా నాయనా?"

"అందుకే నా పేరుకు మార్పించమని అర్జీ పెట్టినా. రెండు చేలకీ నేనే కాపలా కాస్తాలే."

"నా కోడిని తీసకపోయి గుడ్లు నాకు పంపిస్తావు గాబోలు," అంది రాఘవమ్మ. కాఫీ మాత్రం ఇచ్చింది. కాఫీకి కోపం లేదు.

మర్నాడే కాగితం కొంగున కట్టుకుని, తుపాకీని దుప్పటిలో చుట్టుకుని నెల్లూరు బస్సెక్కింది. తుపాకులు బాగుచేసే జకరయ్యకు అరవయ్యేళ్ళు. ఆదివారం చర్చికి, మిగతా ఆరు రోజులూ కొట్టుకు, మరో దిక్కు ఎరగని మనిషి. దుప్పటి విప్పగానే కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మీ మరిది చెప్పింది అబద్ధం కాదమ్మా. గొట్టం మీద నంబరూ, తూటా కూర్చునే ఈ ఇనప పెట్టె మీద నంబరూ ఒకటే చూడు. పుట్టిననాడు ఎట్టుందో అట్నే ఉంది. పోయిన ఏడాది ఒకాయన జీపులో పట్టాలని ఇట్టాంటిదానికి గొట్టం జానెడు కోయమన్నాడు. నా కొట్లో కాదు, పొమ్మన్నా. గొట్టమేమన్నా కరివేపాకు కొమ్మా, కోస్తే మళ్ళీ మొలిచేదానికి? పైగా లైసెన్సులో దాని పొడుగు రాసుంటది. కోస్తే జైలే."

"గొట్టం జోలికి పోవద్దన్నా. వెనక కొయ్య రెండంగుళాలు కొయ్యి. నా చెయ్యి ముందు పిడికి అందితే చాలు."

జకరయ్య గొణుక్కుంటూనే పెన్సిలుతో గీత గీశాడు. రంపం తీశాడు. అప్పుడు పడింది రాఘవమ్మ చూపు ఆ మచ్చ మీద. కొయ్య మీద ఒకచోట పాలిషంతా పోయి, నున్నగా, లేత రంగుకు తిరిగి ఉంది. పన్నెండేళ్ళు పద్మనాభయ్య చెంప ఆనిన చోటు అది. పెన్సిలు గీతకూ ఆ మచ్చకూ బెత్తెడు దూరం ఉంది, రంపం దాన్ని తాకను కూడా తాకదు. అయినా ఆమె చెయ్యి ముందుకు పోయి రంపానికి అడ్డం పడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతదాకా వచ్చి ఇదేం పిచ్చి అని తన మీద తనకే కోపం వచ్చింది.

జకరయ్య రంపం పక్కన పెట్టాడు. నిజానికి ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

"కోసి తీరాలని ఎవరన్నారమ్మా? లోపల ఒక మర విప్పితే కొయ్య మొత్తం ఊడొస్తుంది. నీ కొలతకు కొత్తది చేస్తా. దీన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో దాచుకో. అమ్మేనాడు మళ్ళీ బిగిస్తే దొర ఇచ్చిన తుపాకీ దొర ఇచ్చినట్టే ఉంటది."

"అమ్మేనాడు రాదులే. అయినా దాస్తా," అంది రాఘవమ్మ.

ఆయన టేపుతో ఆమె మోచేతి మడత నుంచి చూపుడువేలి దాకా కొలిచాడు. ఎప్పటినుంచో అటక మీద ఆరబెట్టుకున్న ఇరుగుడు చెక్క దిమ్మె దించాడు. పది రోజుల్లో కొత్త కొయ్య తయారైంది. రాఘవమ్మ రోజూ పొద్దున్నే ఖాళీ తుపాకీ భుజానికెత్తి, దించకుండా పిడి లాగి తోసి, లాగి తోసి సాధన చేసింది. మొదటి వారం భుజం వాచింది. రెండో వారం చెయ్యి దానంతట అదే ఆడింది.

ఇంతలో కచ్చేరిలో ఒక చిత్రం జరిగింది. రంగనాయకులు అర్జీలో 'మా అన్నగారి పంపును వారి భార్య నడపలేకున్నది గనుక నా పేర మార్పించ ప్రార్థన' అని రాయించాడు. తుపాకీ అన్న మాటే లేదు. ఊళ్ళో ఎవరికీ అవసరం పడని మాట కచ్చేరిలోనూ అవసరం పడదనుకున్నాడు. గుమాస్తా దాన్ని నిక్షేపంగా నీళ్ళ పంపుల కట్టలో కట్టాడు. ఒకనాడు తొమ్మిది గంటలకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గొడుగు వేసుకుని చేనిగట్టు మీదికి వచ్చాడు. వెనకే రంగనాయకులు.

"ఏమ్మా, పంపు నీ దగ్గరే ఉందా?"

"ఉందయ్యా."

"నడుస్తుందా?"

"దివ్యంగా నడుస్తుంది. నేనే నడుపుతా."

"ఎంత దూరం పోతుంది?"

"నలభై గజాలు ఢోకా లేదు. ఆపైన చెదిరిపోతాయి."

"చెదిరేదేందమ్మా? కాలవ తీయలేదా?"

"పందులకు కాలవెందుకయ్యా?"

ఇన్‌స్పెక్టరు గొడుగు దించి ఆమెను కిందికీ మీదికీ చూశాడు. రంగనాయకులు నెత్తి కొట్టుకున్నాడు. రాఘవమ్మకు అప్పుడు వెలిగింది. గుడిసెలోకి పోయి తుపాకీ తెచ్చింది. ఇన్‌స్పెక్టరు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"దీనికా నేనొచ్చింది? వచ్చేదారిలో బావి దగ్గర ఇంజను చూసి, పంపు బాగా నడుస్తున్నది, ఆమే నడుపుతున్నదని సగం రిపోర్టు రాసేసినానే." కాస్త ఆలోచించాడు. "పోనీలే, ఆ ముక్క దీనికీ సరిపోతుంది. తుపాకీ అని ఒక మాట చేరిస్తే అయిపోతుంది. నీ లైసెన్సు నీకొస్తుంది."

రాఘవమ్మకు ఆశ పుట్టింది. ఊ అంటే చాలు. కానీ పక్కన రంగనాయకులు ఉన్నాడు, రేపు ఊరూరా చెప్పుకుంటాడు. అదీ కాక, ఆమె నడపలేకున్నదని అర్జీలో రాసిన మాట అట్లాగే మిగిలిపోతుంది.

"వద్దయ్యా. నీళ్ళ పంపు చూసి తుపాకీ ఇస్తే నాకెందుకు? కళ్ళారా చూసి రాయండి. చాతకాకపోతే ఆయనకే ఇయ్యండి."

ముప్పై గజాల అవతల కంచె గుంజల మీద చిల్లిపడిన మట్టి దుత్తలు ఐదు బోర్లించింది. వచ్చి నిలబడింది. కొత్త కొయ్యకు చెంప ఆనించి కాల్చింది. లాగి తోసింది, కాల్చింది. తుపాకీ భుజం దిగలేదు. నాలుగు దుత్తలు పెంకులైపోయాయి. ఐదోది అట్లాగే కూర్చుంది.

"ఐదోది మా ఆయనకూ తప్పేదిలే అయ్యా," అంది, ఊపిరి పీల్చుకుని.

ఇన్‌స్పెక్టరు చెవుల్లోంచి వేళ్ళు తీసి, నవ్వి, కొత్త కాగితం మీద మొదటినుంచీ రాసుకున్నాడు. రంగనాయకులు దగ్గరికొచ్చి తుపాకీని ఎగాదిగా చూశాడు.

"కొయ్య మార్చేసినావే వదినా. విలువంతా పాయె."

"పాత కొయ్య పెట్టెలో ఉంది. విలువ యాడికీ పోలేదు, పడుకోని ఉంది," అంది రాఘవమ్మ.

నెల తిరక్కముందే లైసెన్సు వచ్చింది. రెండు పందులు పడేసరికి మిగతా మంద ఆమె చేను వైపు రావడం మానుకుంది. అట్లాగని పందులు ఉపవాసాలుంటాయా? పక్క చేలో పడ్డాయి. కాయ ముదిరే రోజుల్లో ఒక తెల్లవారుజామున రంగనాయకులు పాలేరు చిన్నపోలయ్య రొప్పుతూ వచ్చాడు.

"అమ్మా, మా చేలో పందులు. రంగనాయకులయ్య పంపు పంపమన్నాడు."

"ఏ పంపు?"

చిన్నపోలయ్య గడ్డం గోక్కున్నాడు. "అది చెప్పలేదమ్మా. కాల్చే పంపే అయ్యుంటది."

"పంపు పంపేది కాదని చెప్పు. లైసెన్సు నా పేర్న ఉంది. అది రావాలంటే నేనూ రావాల. ఆ మాట ఆయన్నే వచ్చి అడగమను."

వాడు పోగానే ఆమె పెట్టె తెరిచి తూటాలు తీసింది. అడుగున గుడ్డలో చుట్టిన పాత కొయ్య చేతికి తగిలింది. గుడ్డ మీదనుంచే ఆ నున్నని చోటును తడిమింది. ఐదు తూటాలూ ఎక్కించి, తుపాకీ భుజాన వేసుకుని వాకిట్లోకి వచ్చేసరికి రంగనాయకులు నిలబడి ఉన్నాడు. కాళ్ళకు మోకాళ్ళదాకా ఇసుక.

"వదినా, నువ్వు రావాల."

"ఎందుకు నాయనా?"

రంగనాయకులు నేల చూశాడు, తుపాకీ చూశాడు. "పంపు నడిపేదానికి," అన్నాడు.

రాఘవమ్మ చెప్పులు తొడుక్కుని ముందు నడిచింది.