డ్రమ్ము అడుగున మిగిలినదాన్ని

నేను ఒక విషాన్ని. పేరు గ్లైకాల్. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను ఆడిపోసుకోవద్దు. మీ ఒంటిమీది పాలిస్టర్ చొక్కాలోనూ, మీరు తాగి పారేసే నీళ్ల సీసాలోనూ నా వంతు ఉంది. అక్కడ వేరే సరుకుతో కలిసి, గట్టిపడి, బుద్ధిగా పడి ఉంటాను. విడిగా ఉన్నప్పుడే నా అసలు గుణం తెలుస్తుంది. రంగుండదు, వాసనుండదు. తియ్యగా మాత్రం ఉంటాను.

భూమి అడుగున చమురులో హాయిగా పడుకున్నదాన్ని తోడి తెచ్చింది మీరే. కాచి, విరగ్గొట్టి, నీళ్లు కలిపి ఇలా తయారుచేసిందీ మీరే. నేనేమైనా అడిగానా? అందుకే మీరంటే నాకు ఒళ్లుమంట.

విశాఖపట్నం పక్కన ఒక ఫ్యాక్టరీలో నన్ను నీలం డ్రమ్ములో పోశారు. వాడుకోగా అడుగున రెండు గ్లాసులు మిగిలాను. డ్రమ్ము పాత సామాన్ల కొట్టుకు చేరింది. కొట్టువాడు దాని మీది హెచ్చరిక కాగితాన్ని గీకేసి, నీళ్లకు భేషైన డ్రమ్ము అని అమ్మేశాడు. కాగితం చింపితే విషం పోతుందని మీ నమ్మకం కాబోలు.

కొన్నది కాసులమ్మ. ట్యాంకరు వస్తే తప్ప నీళ్లు చూడని పేట వాళ్లది. కడగడానికి నీళ్లెక్కడివి? నన్ను పాత నీళ్లే అనుకుని డ్రమ్మును వంచి, నాలో సగాన్ని కాలవలోకి ఒలకబోసి, మిగతా సగం మీద నాలుగు బిందెల నీళ్లు నింపుకుంది.

ఆ కాలవ పక్కనే ఎదురింటి పోలమ్మ మేక కట్టేసి ఉంది. ఈ ఇద్దరు ఆడవాళ్లకూ ఉప్పూ నిప్పూ. ట్యాంకరు దగ్గర వరస కోసం జుట్లు పట్టుకున్న నాటి నుంచి మాటల్లేవు. మేకకు ఆ సంగతులు అక్కర్లేదు కదా. తియ్యగా ఉన్నానని నన్ను కడుపునిండా నాకింది. సాయంత్రానికి తాగినవాడిలా తూలింది, మర్నాటికి కాళ్లు చాపేసింది. నాకు జాలి కలగలేదు.

పోలమ్మ మేక మూతి తడిమి చూసింది. జిగురుగా ఉంది. తడి మరక వెంట కళ్లు నడిపిస్తే అది కాసులమ్మ గుమ్మంలోని డ్రమ్ము దగ్గర ఆగింది. పగబట్టి మందు పెట్టిందనుకుని, గునపం తీసుకుని వీధి దాటింది. పేటంతా తలుపుల్లోకి వచ్చి నిలబడింది. ఒక తల పగులుతుందని నేనూ సంబరపడ్డాను.

సరిగ్గా అప్పుడే కాసులమ్మ, అంతదాకా వాడిన పాత బిందె అడుగంటడంతో, తొలిసారి డ్రమ్ములో గ్లాసు ముంచి కూతురు లోవకు అందించింది. పోలమ్మ అడుగు ఆగిపోయింది. మేకకు విషం పెట్టిన మనిషి అదే డ్రమ్ములోంచి కన్నబిడ్డకు నీళ్లు ముంచి ఇస్తుందా? అంటే డ్రమ్ములో మందున్న సంగతి దీనికే తెలియదన్నమాట.

గ్లాసు పెదవులదాకా వెళ్లింది. ఇంకొక్క గుక్క దూరం. పోలమ్మ చెయ్యి విసిరితే గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. మరుక్షణం గునపం డ్రమ్ము పొట్టలో దిగింది.

నీళ్లన్నీ వీధిపాలయ్యాయి. డ్రమ్ములో మందుందని పోలమ్మ చెబితే ఒక్కరూ నమ్మలేదు. మేక చచ్చిన కసికి కొట్టిందన్నారు. కాసులమ్మ శాపనార్థాలు పెట్టి, గుప్పెడు దుమ్మెత్తి ఆమె ముఖాన పోసింది. పోలమ్మ తుడుచుకోలేదు.

"తిట్టిన కాడికి తిట్టు. నా పగ నీ మీద, గుంటపిల్ల మీద కాదు," అంది.

మళ్లీ ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. పోలమ్మ ఇంట్లో ఉన్నవి రెండు బిందెలు. ఒకటి తెచ్చి కాసులమ్మ గుమ్మంలో దించి వెళ్లిపోయింది. లోవ ఆ నీళ్లే తాగింది. కాసులమ్మ ఖాళీ బిందెను కాలితో తిరిగి వీధిలోకి తోసింది.

నేను వాళ్ల వాకిలి మట్టిలో ఇంకిపోతూ ఇదంతా చూశాను. నేను విషాన్నే అయినా, పగవాళ్ల ఇంటి నుంచి వచ్చిన ఆ బిందె నీళ్లలో మాత్రం నాకు చోటు దొరకలేదు.