తలుపుల పాలైన గొంతు

పిట్ట రోజూ పొద్దున్నే గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించి, కిటికీ దగ్గర నిలబడి కాసేపు కూనిరాగం తీసి, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడేది. గొంతే ఆమె బతుకుతెరువు మరి. యానిమే అనే జపాను బొమ్మల సీరియళ్ళలో, వీడియో గేముల్లో బొమ్మ పెదవి కదిపితే ఆ పెదవికి మాట అతికించడం ఆమె పని. మనిషి సన్నగా, కళ్ళు పెద్దగా, ఎప్పుడూ ఎటో చూస్తూ ఉండేది. అందుకే ఇంట్లో పిట్ట అన్నారు. ఆ పేరే స్టూడియోకీ పాకింది.

స్టూడియో బావది. అక్క డైలాగులు రాసేది, బావ గాజు అద్దం అవతల కుర్చీలో కూర్చుని అవి ఎలా పలకాలో చెప్పేవాడు, పిట్ట పలికేది. ఆ ఏడాది వాళ్ళ చేతికి పెద్ద పని వచ్చింది. జనం వెర్రెత్తిపోయి చూసిన ఒక యానిమే సీరియల్ని గేముగా తయారుచేస్తున్నారు. అందులో మిణుగురు అనే అమ్మాయి కత్తి పట్టుకుని, రాక్షసుల్ని నరుక్కుంటూ, నరికినకొద్దీ బలం పెంచుకుంటూ, చీకటిరాజు ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం లోకమంతా తిరుగుతుంది. మిణుగురుకి గొంతు పిట్టది. చివర్లో తమ్ముడు దొరికినప్పుడు మిణుగురు వాణ్ణి పేరుపెట్టి పిలవదు, "ఒరేయ్" అంటుంది, అంతే. ఆ ఒక్క "ఒరేయ్" కోసం పిట్ట వారం రోజులు వెన్నెల్లో నడిచినట్టు నడిచింది. బస్సులో ఒరేయ్, మెట్ల మీద ఒరేయ్. కూరలమ్మే అతను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు కూడా.

గేము విడుదలైన రోజు పొద్దున్న పిట్ట ఫోను తెరిచేసరికి కత్తెర రివ్యూ కనిపించింది. కత్తెర అంటే ఆ ఊళ్ళో గేముల మీద రాసే విమర్శకుడు. అతను బాగుందంటే బాగుంది, లేదంటే లేదు. అలాంటి వాళ్ళకి గేము అందరికంటే ముందే పంపిస్తారు.

"కత్తియుద్ధాలు పసందుగా ఉన్నాయి," అని రాశాడు కత్తెర. "రంగులు కళ్ళకి విందు. కెమెరా మాత్రం మాటిమాటికీ గోడలో దూరి కునుకు తీస్తుంది. అదైనా ఓర్చుకోవచ్చు. మిణుగురు నోరు తెరిస్తే మాత్రం తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టుంది. ఆ పిలుపు విన్నాక, తమ్ముడు చీకటిరాజు దగ్గరే సుఖంగా ఉన్నాడేమో అనిపించింది. పదికి నాలుగు."

పిట్ట "అయ్యో" అనబోయింది. నోరు తెరుచుకుంది గానీ మాట రాలేదు. ఆమె బదులు బీరువా తలుపు "అయ్యో" అంది. అచ్చం పిట్ట గొంతే.

మధ్యాహ్నానికల్లా పక్కింటి పిన్ని వచ్చేసింది.

"నీ గొంతు మా స్నానాలగది తలుపులో ఉందే. పొద్దున మీ బాబాయి లోపలికి వెళ్ళబోతే 'చీకటిరాజా, నీ అంతు చూస్తాను' అంది. పాపం సబ్బుతో సహా జారిపడ్డాడు."

పిట్ట కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"ఏడవకు. పదిమందిలో అంత మాట పడ్డాక గొంతు తలుపుల పాలవ్వక ఏమవుతుంది? మా ఆడపడుచు గొంతు ఏడాదిపాటు వాళ్ళ ఆఫీసు లిఫ్టులో ఉండిపోయింది. నీకు తెలీనిది ఏముంది, అన్న మాట అబద్ధమైతే అన్నవాడు వెనక్కి తీసుకోవాలి. నిజమైతే పడ్డవాడు ఒప్పుకోవాలి. అంతే, గొంతు దానంతటదే వస్తుంది." వెళుతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఈలోగా కాస్త కోపం తగ్గించుకోవే తల్లీ. నీ కోపం ఎటు తిరిగితే నీ గొంతు అటువైపు తలుపులోకి పోతుంది. బాబాయి అసలే బలహీనుడు."

కత్తెర దారినే మిగతా విమర్శకులూ నడిచారు. ఒకరు రేకు డబ్బా అన్నారు, ఒకరు చెవులు మూసుకుని ఆడామన్నారు. సాయంత్రానికి గేము కొనుక్కుని ఆడినవాళ్ళ మాటలు రావడం మొదలైంది. అవి చూస్తే ఇంకో లోకంలో ఇంకో గేము ఆడినట్టున్నాయి.

"ఆ 'ఒరేయ్' విన్నాక చేతిలోది పక్కన పడేసి మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడితో రెండేళ్ళుగా మాటల్లేవు."

"విమర్శకులకి చెవుల్లో దూది గానీ ఉందా? మిణుగురు గొంతే ఈ గేముకి ప్రాణం. పదికి తొమ్మిది. ఒకటి కెమెరాకి కోశాను."

పిట్ట ఆ మాటల్ని పరుపులా పరుచుకుని పడుకుంది. లేచి స్టూడియోకి వెళ్ళింది. అక్కడ బావ అందర్నీ పోగుచేసి నిలబెట్టాడు. బావకి ఒక అలవాటు, ఏ మాటకైనా ముందు నాలుకతో "త్చ్" మంటాడు. అక్క అది విని ఎన్నిసార్లు విసుక్కుందో లెక్కలేదు.

"త్చ్... రెండో భాగం మనకే వస్తుంది," అన్నాడు బావ. "త్చ్... కానీ మిణుగురుకి కొత్త గొంతు వెతుకుతున్నాం."

అక్క కుర్చీలోంచి లేచింది. "అదేంటి? ఆడినవాళ్ళంతా నెత్తిన పెట్టుకుంటున్నారు కదా?"

"ఆడినవాళ్ళు అభిమానులు. ఏది పెట్టినా తింటారు. పేపర్లో రాసేవాళ్ళ మాటే మనకి పని ఇచ్చేవాళ్ళు వింటారు." పిట్ట వైపు చూడకుండా పిట్ట భుజం తట్టాడు. "త్చ్... నా మరదలి గొంతు బాగోలేదని నేనా అన్నాను? జనం అన్నారు."

పిట్ట ఏదో అనబోతే రికార్డింగు గది తలుపు "తమ్ముణ్ణి నాకిచ్చెయ్" అని అరిచింది. ఎవరూ అటు తిరగలేదు.

మిణుగురు చెయ్యి జారిపోతే పిట్టకి మిగిలేది ఏమీ లేదు. ఆ గొంతులోనే తనకంటూ ఒక ధైర్యం, ఒక కత్తి ఉన్నాయి. ఇంటికెళ్ళి ఒక పని చేసింది. ఒకవేళ కత్తెర రాసింది నిజమేనేమో! ఒప్పుకుంటే గొంతు వచ్చేస్తుందిగా! "నా గొంతు నిజంగానే తుప్పుపట్టిన తలుపు," అని ఫోనులో కొట్టి అక్కకి పంపింది. నోరు తెరిచి చూసింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

అంటే అబద్ధమన్నమాట! పిట్టకి అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటిదాకా దిండులో మొహం పెట్టుకుని ఏడ్చిన పిల్ల లేచి కూర్చుని పళ్ళు నూరింది. కత్తెరని తలుచుకుంది. నిద్ర లేస్తూ తలుచుకుంది, జడ వేసుకుంటూ తలుచుకుంది, ప్రేమించినవాణ్ణి కూడా ఎవరూ అంతగా తలుచుకోరు. ఆ కోపం పట్టుకుని గొంతు ఊరి ఆ చివరున్న కత్తెర ఇంటికి చేరింది.

వారం తిరిగేసరికి కబుర్లు రావడం మొదలైంది. కత్తెర తలుపు తీస్తే "నీ అంతు చూస్తాను" అంటోందట. ఫ్రిజ్ తీస్తే "ఎక్కడ దాక్కుంటావురా" అంటోందట. పెరుగు కూడా తెచ్చుకోలేకపోతున్నాడట. కిటికీలోంచి రాకపోకలు సాగిస్తున్నాడట. పిట్ట అవి వింటూ మొదటిసారి కడుపునిండా అన్నం తింది. ఆ మొహం ఎలా వాడిపోయిందో కళ్ళారా చూడాలనిపించి, మంచి చీర కట్టుకుని బయల్దేరింది.

కత్తెర తాళాలు బాగుచేసే దుకాణం పైన అద్దెకుంటాడు. పిట్ట తలుపు తోసింది. "వచ్చావా!" అంది తలుపు. లోపల సోఫాలో చింపిరి జుట్టు కుర్రాడు మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళకింద నల్లటి వలయాలు. పిట్ట ఊహించుకున్నది పెద్ద మీసాల మనిషిని. ఈ మనిషి కళ్ళు బాగానే ఉన్నాయే అనిపించి, అలా అనిపించినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

"మీరెవరో నాకు తెలుసు," అన్నాడు కత్తెర నీరసంగా. "మీ బొమ్మ గేము పెట్టె మీద ఉంది. కానీ ఒక్కటి చెప్పండి. ఈ తలుపుల్లో గొంతు ఎవరిది?"

పిట్ట తన గొంతు మీద వేలు పెట్టుకుంది.

"కాదే! ఇవి మిణుగురు మాటలే, గొంతు వేరు. ఇంత బాగుంటే నేనెందుకు తిడతాను? నాకేమైనా పిచ్చా?"

పిట్ట ఫోనులో కొట్టి చూపించింది. 'అసలు గేము ఆడావా?'

"ఆడాను. మొత్తం కాదు... మూడో ఊరిదాకా. అక్కణ్ణుంచి ఆ చివరి పిలుపుకి గెంతాను. ముందే రాసిస్తేనే కదండీ మాకు విలువ," అని తలవంచుకుని, లేచి టీవీ పెట్టాడు. "నాకు పంపింది ఇదే. మీరే వినండి."

తెర మీద మిణుగురు కత్తి దూసింది. పెదవులు విప్పింది. "త్చ్... చీకటిరాజా, నీ అంతు చూస్తాను."

పీల్చి, పిండి, సన్నం చేసిన గొంతు. తలుపు కీచుమన్నట్టే ఉంది. మాటమాటకీ ముందు "త్చ్".

పిట్ట ఆ గొంతుని ఇట్టే పోల్చుకుంది. స్టూడియోలో ఏ గేముకైనా ముందు ట్రాక్ గొంతు ఎక్కిస్తారు. బొమ్మలు గీసేవాళ్ళకి ఏ మాట ఎంతసేపో తెలియడానికి ఎవరో ఒకరు అన్నీ గబగబా చదివి పెడతారు. అసలు గొంతు రాగానే దాన్ని తీసేస్తారు. ఈ గేముకి ఆ పని చేసింది బావే, గొంతు సన్నంగా మార్చుకుని. విమర్శకులకి పంపిన గేముల్లో దాన్ని తీయడం మర్చిపోయాడు. కొనుక్కున్నవాళ్ళకి పిట్ట గొంతు వెళ్ళింది, రాసేవాళ్ళకి బావ గొంతు వెళ్ళింది. రివ్యూ చదివిన పొద్దున్నే బావకి తన గొంతు తెలియకుండా ఉంటుందా? తెలిసీ మరదలి భుజం తట్టాడు.

"తప్పయిపోయింది," అన్నాడు కత్తెర, ఆమె ఫోనులో కొట్టి చూపించిందంతా చదివాక. "ఇప్పుడే వెనక్కి తీసుకుంటాను. సారీ అని కూడా రాస్తాను."

పిట్ట తల అడ్డంగా ఊపింది. ఆమె వేళ్ళు ఫోను మీద కత్తుల్లా ఆడాయి. 'నా మీంచి తియ్యి. కానీ కింద పడెయ్యకు. ఎవరిదో వాళ్ళ మీద పెట్టు.'

కత్తెర ఆమె వంక కాస్త భయంగా, కాస్త ఇష్టంగా చూశాడు. అప్పటికప్పుడు కూర్చుని రాశాడు. తను మూడో ఊరిదాకానే ఆడినట్టు రాశాడు. పిట్ట గొంతు గురించి రాసింది అబద్ధమన్నాడు. తుప్పుపట్టిన ఆ గొంతు స్టూడియో యజమానిదని, అలవాటైన ఆ నాలుక చప్పుడుతో సహా రాసి అచ్చుకి పంపించాడు.

గుమ్మం దగ్గర తలుపు చివరిసారి "ఒరేయ్" అని మూగబోయింది. పిట్ట గొంతులోకి ఏదో వెచ్చగా దిగింది. ఆమె దగ్గింది, కత్తెర వైపు తిరిగింది.

"దొంగవెధవా!"

"అబ్బ," అన్నాడు కత్తెర గుండెమీద చెయ్యేసుకుని. "పదికి పది."

ఆ సాయంత్రం బావ భోజనానికి కూర్చుని ఉప్పు అడగబోయాడు. వంటింటి తలుపు అంది, "త్చ్... నేనా అన్నాను? జనం అన్నారు." అతను నలుగురిలో చివరగా అన్న పెద్దమాట అదే. ఏ తలుపు తీసినా అదే. కారు తలుపూ అదే, మందుల అలమరా అదే. బావ ఫోను తీసి, ఆ ట్రాకు తనది కాదని, కత్తెర అబద్ధాలకోరని తెలిసినవాళ్ళందరికీ రాసి పంపాడు. గొంతు రాలేదు. ఆ రాకపోవడమే అందరికీ జవాబైంది.

అక్క ఏడవలేదు, అరవలేదు. అద్దం అవతల కుర్చీలో తను కూర్చుంది. "చేసింది ఒప్పుకున్న రోజు కుర్చీ ఆయనకే ఇచ్చేస్తాను," అని అందరి ముందూ చెప్పింది. "అప్పటిదాకా నేను చూసుకుంటాను."

రెండో భాగం రికార్డింగు మొదలైంది. మిణుగురు పిట్టే. బావ రోజూ వచ్చి గోడవార స్టూలు మీద కూర్చునేవాడు. కాగితం మీద రాసి ఒప్పుకోవచ్చు. కానీ కాదని అందరికీ రాసి పంపినవాడు, ఇప్పుడు అవునని రాస్తే రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారని భయం. నోటితో అన్నదైతే గాలికి పోతుందని ఆశ.

ఒకరోజు పని మధ్యలో లేచి నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు. అద్దం దగ్గరికొచ్చి, అటు పిట్టనీ ఇటు అక్కనీ చూస్తూ, మెల్లగా, స్పష్టంగా పెదవులు కదిపాడు. చప్పుడు లేదు. మళ్ళీ కదిపాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

అక్క మైకులో అడిగింది. "ఏమంటున్నాడే? నీకైతే తెలుస్తుందిగా, పెదవులు చూసి?"

పిట్టకి తెలిసింది. ఒక్క అక్షరం కూడా జారిపోకుండా తెలిసింది. 'ఆ గొంతు నాదే పిట్టా. తెలిసే నీమీదికి తోశాను. అక్కకి చెప్పు.' ఆ మాటని ఆ పెదవులకి అతికించడానికి ఆమెకి ఊపిరి తీసుకున్నంత సేపు పట్టదు. ఒప్పుకోలు వినబడితే చాలు, బావ గొంతు బావకి వస్తుంది. కుర్చీ కూడా.

భుజం మీద ఆ చెయ్యి బరువు ఇంకా ఉన్నట్టే అనిపించింది పిట్టకి.

"నీళ్ళు కావాలట అక్కా," అంది మిణుగురంత తియ్యగా.

అక్క లేచి గ్లాసు నింపి భర్త చేతికిచ్చింది. బావ పిట్ట వైపే చూస్తూ, గటగటా, చివరి చుక్కదాకా తాగాడు. గ్లాసు దించి మళ్ళీ పెదవులు కదిపాడు, ఈసారి ఇంకా మెల్లగా.

"మళ్ళీ ఏంటట?" అంది అక్క.

"ఇంకో గ్లాసట."