కొలిమి కాగేదాకా

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా వదిన విషయంలో ఆ లెక్క తప్పు. ఆవిడ మొగుడున్నర. నేను మడతపెట్టిన దుప్పటిని విప్పి మళ్లీ మడతపెట్టందే ఆవిడకి నిద్రపట్టదు. అయినా ఆవిడ నూరేళ్లు చల్లగా ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మా మేడ ఎదురుగానే ఊరి చెత్త కాల్చే ప్లాంటు. అక్కడ వదిన క్రేన్ నడుపుతుంది. చెత్తని ఎత్తి కొలిమిలో పడేయడం ఆవిడ పని. మరమ్మతుకి ఆపిన కొలిమిని మళ్లీ వెలిగించినప్పుడల్లా మా వీధిని నల్లపొగ కమ్మేసేది. నా కూతురికి ఆయాసం ముంచుకొచ్చేది. దాని గుండెల్లో పిల్లికూతలు వింటూ నేను చచ్చిబతికేదాన్ని. డాక్టరు ఇల్లు మారమన్నాడు. మారే స్తోమత మాకేది?

ఒకరోజు వదిన మరిచిపోయిన క్యారేజీ ఇవ్వడానికి ప్లాంటుకి వెళ్లాను. గేటుదాకా చెత్త లారీలు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి. వదిన క్రేన్ తాళం జేబులో వేసుకుని బల్లమీద కూర్చునుంది. ఎదురుగా మేనేజరు.

“వెయ్యమ్మా చెత్త. కొలిమి కాగేదాకా ఆగితే గ్యాసు ఎంత దండగో తెలుసా?”

“వేడెక్కకుండా వేస్తే చెత్త సగమే కాలుతుంది సార్. మిగతాది విషప్పొగై జనంమీద పడుతుంది. నూనె కాగకుండా ఆవాలు వేస్తారేమో మీ ఇంట్లో అడగండి.”

“ఉద్యోగం ఊడుతుంది.”

“ఊడితే ఊడనీండి. అవతల నా మేనకోడలికి ఊపిరాడట్లేదు.”

క్యారేజీ పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాను. మా ఇల్లు సగం గడిచేది ఆ జీతంతోనే. మేనేజరు ఇంకో క్రేన్ డ్రైవర్ని పిలిచాడు. అతను వచ్చి, వదిన పక్కనే బల్లమీద కూర్చున్నాడు.

“మా ఇల్లూ ఆ వీధిలోనే సార్,” అన్నాడు.

మేనేజరు గింజుకున్నాడు గానీ, కొలిమి బాగా కాగేదాకా ఆగక తప్పలేదు. ఆ తర్వాతే చెత్త పడింది. వదినకి మెమో వచ్చింది. కానీ అప్పటినుంచి ఏ షిఫ్టులోనూ చల్లటి కొలిమిలో ఎవరూ చెత్త వెయ్యలేదు.

“మీ రుణం తీర్చుకోలేను వదినా,” అన్నాను ఇంటికొచ్చాక.

“నీకోసం చేశానా ఏంటి? ముందు ఆ దుప్పటి సరిగ్గా మడతపెట్టు,” అంది.

కొన్ని నెలలు గడిచాయి. మొన్న నా కూతురు వీధిలోంచి మెట్లన్నీ పరుగున ఎక్కొచ్చి, వదిన కొంగు పట్టుకుని, అమ్మ తనని కొట్టిందనీ, తిట్టిందనీ, బొమ్మ దాచేసిందనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చాడీలు చెబితే ఊరుకునే రకం కాదు నేను. ఆరోజు మాత్రం తలుపు పక్కన నిలబడి, కళ్లు తుడుచుకుంటూ, చివరిదాకా విన్నాను.